నూట ఇరవై కుర్చీల హాలు

మా చెల్లి సినిమాను ఎంపిక చేసిన చిత్రోత్సవం ఏ చిరునామాలో ఉండాలో, సరిగ్గా ఆ చిరునామాలో మారు తాళంచెవులు చేసే కొట్టు ఉంది.

వీధి పేరు మళ్ళీ చదివాను. సరిపోయింది. ఇంటి నంబరు చూశాను. అదీ సరిపోయింది. ఒక పక్క చెప్పుల కొట్టు, ఇంకో పక్క మందుల షాపు, మధ్యలో ఎనిమిదడుగుల వెడల్పున ఇది. నూట ఇరవై కుర్చీల హాలు మాట దేవుడెరుగు, పన్నెండు స్టూళ్ళు వేస్తే పదమూడో మనిషి రోడ్డు మీద నిలబడాలి.

నేను అక్కడికి దొంగను పట్టుకోవడానికి వెళ్ళలేదు. మెట్లు లెక్కపెట్టడానికి వెళ్ళాను. ఇంకో తొమ్మిది రోజుల్లో ఆ ఊళ్ళో చెల్లి సినిమా ఆడబోతోంది. అమ్మకు కుడి మోకాలు వంగదు. హాలుకు మెట్లెన్ని, పట్టుకోవడానికి పక్కన కమ్మీ ఉందా, ఇవి చూసి రమ్మని చెల్లి నన్ను రెండున్నర గంటల బస్సు ప్రయాణానికి తోలింది.

కొట్టాయన ఇత్తడి తాళంచెవిని మిషను మీద అరగదీస్తున్నాడు.

"కొండదారి చిత్రోత్సవం ఆఫీసు ఎక్కడండీ?"

"సినిమాహాలా? మెయిన్ రోడ్డుకెళ్ళి ఎడమకు తిరగండి."

"హాలు కాదండీ, ఆఫీసు. ఇదే నంబరు. గది నంబరు పధ్నాలుగు అని ఉంది."

ఆయన మిషను ఆపాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, బొటనవేలితో వీపు వెనక్కి చూపించాడు. వెనక గోడ నిండా రేకు పెట్టెలు, ఒక్కోదానికి ఒక్కో బుల్లి తాళం. ఉత్తరాల కోసం అద్దెకిచ్చే పెట్టెలు.

"పధ్నాలుగోది అదిగో. పై నుంచి రెండో వరస. లోపలికెళ్ళి కూర్చుంటారా మరి?"

నాకు నవ్వు రాలేదు. "ఎవరు తీసుకున్నారు దాన్ని?"

"పేరు చెప్పకూడదమ్మా. రూలు."

"రోజూ వస్తారా?"

"రోజు చెప్పకూడదని రూల్లో లేదు." మిషను మళ్ళీ వేశాడు. "మంగళవారం. పదకొండింటికి. గడియారం తప్పినా ఆయన తప్పడు."

బయటికొచ్చేసరికి ఫోను మోగింది. చెల్లి.

"అక్కా, మెట్లెన్ని?"

"ఏడు" అన్నాను.

"కమ్మీ ఉందా?"

"ఉంది."

"హాలెలా ఉందే?"

"చిన్నదే. బావుంది."

పదహారేళ్ళుగా ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. నేను ఒకటి చెప్పడానికి మూడు సెకన్లు కూడా పట్టలేదు.

*

ఆ ఎండాకాలం మొదట్లో ఒక పుస్తకాల షాపులో మొదలైంది ఇదంతా.

నేను బీమా కంపెనీలో క్లెయిముల సెక్షన్లో పనిచేస్తాను. కాలిపోయిందన్న గోడౌనులో సరుకు నిజంగా ఉండిందా, పోయిందన్న నగ అసలు కొన్నారా, ఇవీ నేను చూసే ఫైళ్ళు. అందుకే ఇంట్లో నియమనిబంధనలతో వచ్చే ఏ కాగితమైనా నా ఒళ్ళో పడుతుంది. చెల్లి నాలుగేళ్ళు కష్టపడి సినిమా తీసింది. దాన్ని ఎక్కడికి పంపాలో తేల్చే పని మాత్రం నాకు అప్పజెప్పింది.

సినిమాలో ఉన్నది అమ్మే. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఆఖరి నాలుగేళ్ళు చెల్లి కెమెరా పట్టుకుని ఆమె వెనకాలే తిరిగింది. ఆవిరి, దుప్పట్లు, షిఫ్టు మారే గంట, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నడిచొచ్చి దుప్పటి మడతపెట్టడం. డెబ్బై ఎనిమిది నిమిషాలు.

"నేను దుప్పట్లు మడతపెడుతుంటే జనం కుర్చీల్లో కూర్చుని చూస్తారటే?" అని అమ్మ అడిగేది. "వాళ్ళ ఇళ్ళల్లో దుప్పట్లు లేవా?"

చెల్లికి మాత్రం అది చావుబతుకుల సమస్య. ప్రకటనలు ఎడిట్ చేసే స్టూడియోలో పూటపనికి పోయేది. పూర్తికాలం చేరమని స్టూడియో యజమాని ఏడాదిగా పోరుతున్నాడు. ఎండాకాలం అయ్యేలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

"ఈ ఒక్క ఎండాకాలం చూస్తానక్కా" అంది చెల్లి. "ఎవరూ తీసుకోకపోతే స్టూడియోవాడికి సరే చెప్పేస్తా. ఇంక కెమెరా ముట్టుకోను."

అందుకే చిత్రోత్సవాల గైడు కొనడానికి వెళ్ళాం. షాపులో మూడు ఉన్నాయి. మొదటిది తామరాకంత వెడల్పు, మెరిసే కాగితం, ఎర్ర తివాచీల మీద నవ్వుతున్న మనుషులు. గడువు తేదీలు ఎక్కడా లేవు. పక్కన పెట్టాను. మిగిలినవి బూడిద రంగు అట్టదీ, ఎర్ర అట్టదీ. రెండింటినీ బల్ల మీద పక్కపక్కనే తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

"ఫోన్లో వెతికితే అన్నీ వస్తాయిగా" అంది చెల్లి.

"ఫోన్లో ఎవడు పడితే వాడు రాస్తాడు. అచ్చేసినవాడు పేరు పెట్టుకుని రాస్తాడు."

"సినిమాకు నాలుగేళ్ళు పట్టింది. పుస్తకం కొనడానికి అయిదో ఏడు పట్టేలా ఉంది."

"మీ అక్కగారు పెళ్ళికొడుకును కూడా ఇలాగే చూశారా అమ్మా?" అన్నాడు షాపాయన.

"చూసింది. అందుకే పెళ్ళి కాలేదు" అంది చెల్లి.

నేను తల ఎత్తలేదు. తెలియని చోట్ల గురించి పుస్తకం నిజం చెబుతోందో లేదో తెలియాలంటే, ముందు మనకు తెలిసిన చోటు గురించి ఏం చెబుతోందో చూడాలి. మా ఊళ్ళో జరిగే చిన్న చిత్రోత్సవం పేజీ తీశాను. ఆ హాల్లో నేను కూర్చున్నాను. బూడిద పుస్తకంలో ఇలా ఉంది: 'ఎడమవైపు మూడో వరస నుంచి స్తంభం అడ్డం వస్తుంది. ముందుగా వెళ్ళండి.' అక్షరాలా నిజం.

"ఈయన అక్కడ కూర్చున్నాడే!" అన్నాను.

ఎర్ర పుస్తకం తీశాను. అందులోనూ స్తంభం ఉంది. మా సెక్షన్లో ఒక మాట ఉంది: ఒక సాక్షి చెబితే కబురు, ఇద్దరు చెబితే ఫైలు మూయొచ్చు. రెండు పుస్తకాలూ కొన్నాను. ఒకదానిలో ఉన్నది రెండోదానిలో కూడా ఉంటేనే నమ్మాలని నియమం పెట్టుకున్నాను.

వంటగది గోడ మీద చార్టు అంటించాం. గడువులు, షరతులు, పంపాల్సిన చిరునామాలు. అయిదు చోట్లు ఎంచాను. నాలుగో వరసలో కొండదారి. రెండు పుస్తకాల్లోనూ దాదాపు ఒకటే మాట: 'చిన్న హాలు, నూట ఇరవై కుర్చీలు. వెబ్‌సైటు లేదు, ఫోను లేదు, ఉత్తరాలే. ఇంకోచోట ఆడే సినిమాను ఒప్పుకోరు. ఎంపికయ్యాక మనసు మార్చుకున్నవారిని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు.'

"ఇది చిత్రోత్సవమా, అత్తగారిల్లా?" అంది చెల్లి.

"నియమాలు గట్టిగా ఉన్నచోట మనుషులూ గట్టిగా ఉంటారు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

అయిదింటికీ పంపాం. రెండు చోట్ల నుంచి లేదని వచ్చింది. ఇంకొకరు ఉలకలేదు, పలకలేదు. ఎండలు ముదిరిన రోజుల్లో కొండదారి నుంచి కవరు వచ్చింది. మీ సినిమా ఎంపికైంది. తేదీ, టైము. కింద చేత్తో రాసిన రెండు వాక్యాలు: 'దుప్పటి రెండు కొసలూ కలిసేదాకా మీరు కెమెరా ఆపలేదు. అందుకు కృతజ్ఞతలు.'

చెల్లి ఆ రెండు వాక్యాలనూ మూడుసార్లు పైకి చదివింది. నాలుగోసారి చదవబోయి వంటగదిలోకి పోయింది. వెళ్ళి చూస్తే కుళాయి విప్పేసి ఏడుస్తోంది.

సరిగ్గా పదకొండు రోజులకు పెద్ద చిత్రోత్సవం నుంచి ఫోను. చార్టులో మొదటి వరస. తొమ్మిది వందల కుర్చీలు, పత్రికలవాళ్ళు, దేశదేశాల నుంచి సినిమాలు కొనేవాళ్ళు. పోటీ విభాగంలో చోటిస్తామన్నారు. ఇంకెక్కడా ముందు ఆడకూడదన్నారు. రెండు రోజుల్లో జవాబు కావాలన్నారు.

"అక్కా, అది ఏనుగు. ఇది ఎలక."

"ఎలకకే ముందు మాటిచ్చాం. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి పంపావు కూడా."

"వాళ్ళకు నచ్చజెప్పలేమా? ఒక్క ఉత్తరం రాద్దాం."

"గుమ్మం తొక్కనివ్వమని రాశారు. ఇలాంటివి నలుగురికీ తెలుస్తాయి. మొదటి సినిమాకే మాట తప్పిన మనిషివని పేరొస్తుంది. రెండు పుస్తకాల్లోనూ ఉంది కదే!"

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "పెద్దదానికే పోవే" అంది. "జనం ఎక్కువుంటే వెనకవాళ్ళకు నా మొహం సరిగ్గా కనపడదు. అదీ మేలే."

నేను నవ్వి కొట్టిపారేశాను. అక్కర్లేదని పెద్ద చిత్రోత్సవానికి చెల్లే రాసింది. రెండుచోట్ల తప్పులు దిద్దింది నేను.

*

తాళాల కొట్టు నుంచి ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. చెల్లి అమ్మ చీరకు ఇస్త్రీ చేస్తోంది. సినిమా ఆడే పూట కోసమని కొత్తగా కొంది.

"మెట్లు లేవు" అన్నాను.

"ఏడన్నావు?"

"హాలే లేదు."

మిగతాదంతా చెప్పాను. పెట్టెలు, పధ్నాలుగో నంబరు, మంగళవారం. చెల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసి, తీగ చుట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పెద్దవాళ్ళకు ఫోన్ చేసి చూడు" అంది, నా వైపు చూడకుండా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో మర్నాడు పొద్దున తెలిసింది. ఫోనెత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. మా చోటు ఇంకో సినిమాకు ఇచ్చేశారట. ఏ రోజు ఏ సినిమానో చెప్పే కార్యక్రమాల పుస్తకం కూడా అచ్చుకు వెళ్ళిపోయిందట. వచ్చే ఏడాది? పూర్తయి పన్నెండు నెలలు దాటిన సినిమాను తీసుకోరట. ఆ నియమం నాకు తెలుసు. చార్టులో నేనే ఎర్ర సిరాతో రాశాను.

సోమవారం పొద్దున చెల్లి పెందలాడే తయారైంది. చార్టు గోడ మీద లేదు. నాలుగు మూలలా సున్నం పెచ్చు లేచిన మచ్చలు ఉన్నాయి. చెప్పులు తొడుక్కుంటూ, "సాయంత్రం ఆలస్యమవుతుంది. తినేయండి" అంది.

"ఎక్కడికే?"

"స్టూడియోకి. ఈ రోజు నుంచి పూర్తి పని."

అమ్మ ఏదో అనబోయింది. తలుపు మెల్లగా మూసుకుంది.

మంగళవారం నేను సెలవు పెట్టాను. సంచి సర్దుకుంటుంటే అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికమ్మా? మోకాలు?"

"మెట్లు లేవన్నావుగా" అంది.

*

కొట్టాయన అమ్మకు స్టూలు వేశాడు. ఎందుకొచ్చామని అడగలేదు. పదకొండుకు రెండు నిమిషాలుండగా గడియారం వంక చూసి, మిషను మీది పొడి తుడవడం మొదలుపెట్టాడు.

డెబ్బై ఏళ్ళ మనిషి లోపలికొచ్చాడు. చొక్కాకు గుండీలన్నీ పెట్టుకున్నాడు. చేతిలో గుడ్డసంచి. కొట్టాయనకు తలూపి, సరాసరి పధ్నాలుగో పెట్టె తెరిచి, లోపలున్న రెండు కవర్లూ సంచిలో వేసుకున్నాడు. తాళం వేసి వెనక్కి తిరిగాడు.

నేను అతని దారికి అడ్డంగానే నిలబడి ఉన్నాను. అతను నన్ను చూడలేదు. అమ్మను చూశాడు. ముందు మొహం. తర్వాత చేతులు. ఆ తర్వాత కుడి మోకాలు.

అమ్మ లేవబోయింది. అతని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"లేవకండమ్మా, మోకాలు..." అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

"నా మోకాలు సంగతి మీకెలా తెలుసన్నయ్యా?" అంది అమ్మ.

మా సెక్షన్లో అయితే ఫైలు అక్కడితో మూసేసేవాళ్ళం. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కొట్టాయన ఇంకో స్టూలు తెచ్చి అమ్మకు ఎదురుగా వేశాడు. అతను కూర్చున్నాడు.

"ఈ సినిమా తీసిన అమ్మాయికి అక్కని" అన్నాను. "మీ నియమాలు చదివి, పెద్ద చిత్రోత్సవానికి రామని రాయించింది నేను."

"పెద్దదానికా?" అతను స్టూలు మీద ముందుకు జరిగాడు. "వాళ్ళు తీసుకున్నారా?"

"పోటీలో చోటిచ్చారు. మీకు మాటిచ్చామని వద్దన్నాం. ఇప్పుడది ఇంకొకరికి పోయింది. నిన్నటి నుంచి మా చెల్లి సబ్బుల ప్రకటనలు కత్తిరిస్తోంది."

అతను సంచిలోంచి ఒక కవరు తీశాడు. దాని మీద మా ఇంటి చిరునామా ఉంది. నా చేతికివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు సాపు చేస్తూ కూర్చున్నాడు.

"ఈ రోజు పోస్టులో వేద్దామని తెచ్చాను" అన్నాడు. "హాలు పైకప్పు కురుస్తోంది, ఈ ఏడాదికి చిత్రోత్సవం ఆపేశాం అని. అంతటితో పోతుందనుకున్నాను."

"అసలు ఎవరు మీరు?"

"బూడిద పుస్తకం నాదమ్మా."

గోడకు ఆనుకున్నాను.

"ఇరవై రెండేళ్ళు తిరిగి రాశాను దాన్ని" అన్నాడు. "ప్రతి హాల్లో కూర్చుని, ఏ కుర్చీ కిర్రుమంటుందో కూడా చూసి రాశాను. ఎర్ర పుస్తకంవాడు ఇంట్లో కూర్చుని నాది చూసి ఎక్కించుకున్నాడు. ఫిర్యాదు చేస్తే రుజువు చెయ్యమన్నారు. ఎలా చెయ్యను? స్తంభం ఉంటే ఎవరికైనా కనపడుతుంది, నేనూ చూశానంటాడు. అందుకని లేనిది ఒకటి పెట్టాను. కొండదారి. పేరు నాదే, హాలు నాదే, కుర్చీలు నావే. మరుసటి ఏడు వాడి పుస్తకంలో కుర్చీలతో సహా దిగింది. దొరికాడు అనుకున్నాను."

సాక్షులు ఇద్దరూ ఒకరినొకరు ఎరగనివాళ్ళయి ఉండాలి. మా సెక్షన్లో ఆ మాటకు ఉన్న రెండో సగం ఇది. స్తంభం రెండు పుస్తకాల్లోనూ కనపడగానే నేను అది మర్చిపోయాను.

"జనం సినిమాలు పంపుతారని తోచలేదా మీకు?" అన్నాను.

"పంపకూడదనే అన్ని కట్టుబాట్లు రాశాను. ఫోను లేదన్నాను. గుమ్మం తొక్కనివ్వరన్నాను. అది చదివి కూడా ఎవరు పంపుతారు తల్లీ?"

ఆ కట్టుబాట్లు చూసే మేం పంపాం.

"ఒకవేళ వస్తే ఆ కవరు కూడా సాక్ష్యమవుతుందని ఈ పెట్టె తీసుకున్నాను. ఒకటి వచ్చింది. తర్వాత నాలుగు. చిత్రోత్సవం లేదని వాళ్ళకు చెబితే ఉచ్చు బయటపడుతుంది. పుస్తకంలో అబద్ధం రాశానని నా పేరే పోతుంది. అందుకే ఎర్ర పుస్తకంవాణ్ణి బయటపెట్టనూ లేకపోయాను. పులి మీదెక్కాను, దిగడం తెలియలేదు."

అమ్మ అంతసేపూ అతని చేతుల వైపే చూస్తోంది. మెల్లగా అడిగింది.

"మా పిల్లకు కూడా లేదని రాసి ఉంటే సరిపోయేదిగా అన్నయ్యా. మిగతా రెండుచోట్లా అలాగే రాశారు. ఒక పూట ఏడ్చి ఊరుకునేది. ఎందుకు రాయలేదు?"

మిషను ఆగిపోయి ఉంది. బయట ఎవరో తాళంచెవి పట్టుకుని వచ్చారు. కొట్టాయన తర్వాత రమ్మని చెయ్యి ఊపాడు.

"అందరికీ అదే రాస్తానమ్మా" అన్నాడు పెద్దాయన. "ఆ ఉత్తరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పేరు మారిస్తే చాలు. ఇప్పటికి ముప్పై తొమ్మిది మందికి పంపాను. వాళ్ళవి ఒక్కటీ చూడలేదు. ఎందుకు చూడాలి? ఎటూ లేదనేగా చెప్పేది. మీ అమ్మాయిది వచ్చిన రోజు నాకు జ్వరం. మంచం మీద ఊరికే ఉండలేక ఆ సినిమా పెట్టుకున్నాను. మీరు అటు నుంచి, ఇంకో ఆవిడ ఇటు నుంచి దుప్పటి పట్టుకుని నడిచొస్తున్నారు. మూడుసార్లు చూశాను. మర్నాడు లేచి ఉత్తరంలో పేరు మార్చాను. అచ్చు తీశాను. సంతకం పెట్టాలి, చెయ్యి రాలేదు. ఇరవై రెండేళ్ళు సినిమాలు చూసిన మనిషిని, దానికి లేదని ఎలా రాస్తాను? చింపేశాను. ఎంపికైందని రాశాను. నేనే రాశానమ్మా, ఇందులో ఇంకెవరూ లేరు. ఆ ముప్పై తొమ్మిదీ చూడకుండానే పంపేశాను, వాళ్ళెవరికీ ఏమీ కాలేదు. మీ అమ్మాయిది ఒక్కటే చూశాను."